ఓర్చుకోమన్న తల్లి

అమ్మ నవలను విసురుగా మూసింది.

“యూదుల్లో మొగుడే విడాకుల పత్రం ఇవ్వాలట. ఈ కథలో మొగుడేమో అది ఇవ్వడు, పెళ్ళాన్ని ఏలుకోడు. ఆ పిల్ల తల్లి ఇంకా ఓర్చుకోమంటోంది. ఏం తల్లే అది?”

ఇస్త్రీ చేస్తున్న కూతురు తలెత్తింది. భర్త తనను పుట్టింట్లో వదిలేసి వెళ్ళినప్పటి నుంచీ ఆమె వింటున్న మాట అదే.

“నువ్వు నాకు చెప్పిందీ అదేగా అమ్మా. లాయరు దగ్గరికి వెళతానంటే అడ్డం పడ్డావు.”

అమ్మ నవలను పక్కన పెట్టింది.

“నేను ఏడ్చి చెబితే నీ తలకెక్కలేదు. కథలో పిల్ల చెబితే ఎక్కిందా?”

“ఆ పిల్ల గురించి చదువుతుంటే నలుగురూ ఏమంటారోనన్న బెంగ లేదే,” అంది అమ్మ మెల్లగా. “నీ విషయంలో ముందు అదే గుర్తొచ్చేది.”

“ఇప్పుడో?”

“లాయరు దగ్గరికి నేనూ వస్తాను.”

కూతురికి కోపం తగ్గలేదు. అయినా, “సరే, తయారవ్వు,” అంది.