తేలిపోయిన కౌంటీ

ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికకు పోలింగ్ ఎటూ తేలని ఒకే ఒక్క కౌంటీలో పెట్టారు. మిగతా చోట్ల జనం ఎవరికి వేస్తారో యంత్రాలు ముందే చెప్పేస్తున్నాయి కాబట్టి అక్కడ పోలింగ్ దండగని సంస్కరణ చట్టం వచ్చి పన్నెండేళ్లయింది.

పౌరసత్వం వచ్చాక నర్సు వకుళ ఒక్కసారీ ఓటు వేయలేదు. ఈసారి పోటీలో ఉన్న ఒకాయన, ఆమె పనిచేసే డయాలసిస్ కేంద్రంలాంటివన్నీ మూయిస్తానంటున్నాడు. అందుకని ఆమె, భర్త ఫణిరాజు సొంతిల్లు అమ్మేసి ఆ కౌంటీలో రెండు గదుల వాటాలో చేరారు. అక్కడి నుంచి పనికి రెండు గంటల ప్రయాణం.

పోలింగ్ రోజు పొద్దున్నే తలంటుకుని, మంచి చీర కట్టుకుని భర్తతో వెళ్లింది. పోలింగ్ పెట్టాల్సిన బడి గేటుకు తాళం వేసి ఉంది. గేటు దగ్గరున్న ఎన్నికల అధికారి మర్యాదగానే చెప్పాడు.

"ఇక్కడి ఫలితం నిన్ననే తేలిపోయిందమ్మా. ఓటు కోసం మీలాగే చాలామంది వచ్చి చేరారు. యంత్రం లెక్కలో మీవాళ్లకంటే అవతలివాళ్లు ఎక్కువమంది వచ్చారు. ఆ కేంద్రాలు మూయిస్తానన్నాయనే గెలిచినట్టు."

"మేం వెయ్యందే?"

"వేసినా అంతేగా."

కారెక్కాక ఫణిరాజు ఫోన్ చూస్తూ అన్నాడు. "వచ్చేసారి ఏ కౌంటీయో కూడా చెప్పేశారే. ఇప్పుడే వెళ్లి చేరిపోదామా?"

"అందరం వెళ్తే అదీ తేలిపోతుంది కదండీ," అంది వకుళ. "నన్ను డ్యూటీ దగ్గర దింపండి. మూసేదాకా పేషెంట్లు వస్తూనే ఉంటారు."