గుంటూరు సంబంధం

హీనాకి గుంటూరు సంబంధం కుదిరింది.

కబురు వినగానే ఆమె అబ్బాయి ఫొటో కూడా అడగలేదు. ఆ ఊళ్లో బస్సులు తిరుగుతాయి. నర్సింగ్ కాలేజీ ఉంది. అది చాలు.

కృష్ణ మధ్యలో ఉన్న ఆ లంకలో ఒకప్పుడు డెబ్బై గడప. ఏటా వరద ఇంత నేల కోసుకుపోగా పదకొండు మిగిలాయి. బడి మూశారు. మసీదులో రెండో వరస నిండి ఎన్నాళ్లయిందో. ఆడపిల్లల్ని గట్టు మీది ఊళ్లకిచ్చి ఊరు ఖాళీ చేసుకున్నామని పెద్దలు గొణిగేవాళ్లే తప్ప, పట్టింపులు మాత్రం వదల్లేదు. పెళ్లికాని పిల్ల పొద్దుగూకేలోగా పడవెక్కి తిరిగి రావాలి. హాస్టల్ మాటే లేదు. ఇంటర్ పాసై రెండేళ్లుగా హీనా పసుపు కొమ్ములు ఏరుతూ, అవతలి గట్టు మీద పోయే మిరపకాయల లారీలు చూస్తూ కూర్చుంది.

చూపుల రోజు పరదా వెనక ఆమెకి సగం సగం వినిపించింది. అబ్బాయి పేరు మాలిక్. ముగ్గురన్నదమ్ముల్లో చిన్నవాడు. అందరూ ఉండేది రెండు గదుల ఇల్లు. మూల చాప పరిచినా చాలనుకుంది. వరద ఎంతవరకు వస్తుందని అతను ఒకటికి రెండుసార్లు అడిగాడు. తన కష్టం తెలుసుకుంటున్నాడని మురిసిపోయింది.

ఒక్కగానొక్క కూతురి పెళ్లని తండ్రి గౌస్ బాషా బెంగపడలేదు సరికదా, హుషారుగా గడపగడపకీ తిరిగి చెప్పుకున్నాడు. అది కాస్త గుచ్చుకుంది.

పెళ్లికి ముందురోజు ఆమె పెట్టె సర్దుకుంటుంటే తల్లి చూసింది.

"ఇప్పుడెందుకే ఇవన్నీ?"

"సర్టిఫికెట్లు మర్చిపోతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారమ్మా?"

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నిఖా అయింది. హీనా తన పెట్టె తానే మోసుకుంటూ అందరికంటే ముందు రేవుకి చేరింది. ఏడవాలని కూడా గుర్తు రాలేదు. పడవలోంచి ఎవరిదో ఇనప మంచం, బీరువా దింపుతున్నారు. తనకి చోటు చేస్తున్నారనుకుంది.

అప్పుడు అత్తగారు వెక్కుతూ వచ్చి, మాలిక్ చేతిని హీనా చేతిలో పెట్టి, "మావాడికి ఈతైనా రాదు తల్లీ, ఇల్లరికం పంపుతున్నాం, ఇక ఈ లంకలో వాడికి అన్నీ నువ్వే" అంది.