తెరిచాక పడే గడియ

"తెరిసినప్పుడు గడియ పడల్లా? మూసినప్పుడు కదమ్మా ఎవురైనా అడిగేది," అన్నాడు గోవిందస్వామి, చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకుంటూ.

శకుంతలమ్మ వంటగట్టు కింద కొత్తగా బిగించిన సొరుగును బయటికి లాగి, దాని మీద పరిచిన పలకను అరచేత్తో ముందుకు నెట్టింది. సొరుగు ఇనుప ఛానళ్ళ మీద సర్రున జారి లోపలికి వెళ్ళిపోయింది.

"సూసినావా? దీని మీద కూరగాయలు తరగతా ఉంటే ఎనక్కి పోతాది. వేడి గిన్నె పెట్టినప్పుడు పోతే ఒళ్ళో పడతాది. లాగినాక ఇది కదలకూడదప్పా."

మీసం మొలవక ముందు నుంచీ గోవిందస్వామి తిరుపతిలో వడ్రంగం చేస్తున్నాడు. గల్లాపెట్టెలకూ బీరువాలకూ ఎన్ని రకాల తాళాలు బిగించాడో అతనికే గుర్తులేదు. తీసినదాన్ని తీసినట్టే ఉంచమన్న మనిషిని చూడడం మాత్రం ఇదే. అసలు ఈమెవి మొదటి నుంచీ వింత కోరికలే. గట్టు కింద నిక్షేపంలాంటి అరలుంటే పీకించేసి ఖాళీగా వదలమంది. సొరుగు ఎంత ఎత్తులో ఉండాలని అడిగితే టేపు పట్టనివ్వలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, మోచేతులు ఆనే చోట గీత గీయమంది.

కూర్చుని చేసుకునే వంటన్నమాట. పాపం, మోకాళ్ళు అరిగినట్టున్నాయని అతనికి జాలేసింది. ఒక బల్ల వేసుకుంటే పోయేదానికి ఇంత తిప్పలెందుకని అడిగాడు.

"బల్ల ఏస్తే కనపడతాది," అంది శకుంతలమ్మ. "లోపలికి తోసినాక ఇది ఈడ ఉండాదని ఎవురికీ తెలీకూడదు."

ఆ తెలియకూడనిది ఎవరికో గోవిందస్వామికి తెలుసుకోవాలనిపించింది. కాఫీ తాగుతూ ముందుగదిలో ఉన్న ఆమె భర్త ధనంజయను కదిపాడు. ధనంజయ గొంతు తగ్గించి చెప్పాడు. కొడుకు చక్రధర్ శ్రీ సిటీలో తనతోపాటు ఉద్యోగం చేసే రేవతిని ఇష్టపడ్డాడట. శకుంతలమ్మ ససేమిరా అందట. ఆ పిల్ల నా వంటింట్లో ఏం చేస్తుందని నలుగురిలో అనేసిందట. పెళ్ళికి తను పోలేదు, ఆయన్నూ పోనివ్వలేదు. ఇన్నాళ్ళకు తనే ఫోన్ చేసి ఇద్దర్నీ రమ్మంది. ఆదివారం వస్తున్నారు. కోడలు ఈ ఇంటికి రావడం ఇదే మొదలు.

గోవిందస్వామికి సంగతంతా అర్థమైపోయింది. ఇది అత్తగారి పెత్తనం. మోకాళ్ళు పనికిరావని కొత్త కోడలికి తెలిస్తే వంటిల్లు చేజారిపోతుంది. అందుకే ఇంత దాపరికం. అతనికి లోలోపల నవ్వొచ్చింది. అంతలో శకుంతలమ్మ మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు తేవడానికి గబగబా మెట్లెక్కి, అంతే వేగంగా దిగి వచ్చింది. ఈ నొప్పులు కూడా పనిని బట్టి వచ్చిపోతుంటాయి కాబోలు అనుకున్నాడు.

ముందు ఒక చెక్క చీల దిగ్గొట్టి చూశాడు. గట్టిగా నొక్కేసరికి ఊడిపడింది. తర్వాత సొరుగు వెనక గడియ పెట్టాడు. అది బాగానే పట్టింది గానీ, తీయాలంటే లేచి గట్టు కిందికి దూరాలి. శకుంతలమ్మ ఒప్పుకోలేదు. కుర్చీలోంచి కదలకుండా ఒంటి చేత్తో తీసేలా ఉండాలంది. హార్డ్‌వేర్ అంగడిలో వాకబు చేస్తే, లాగగానే బిగుసుకునే ఛానళ్ళు ఉన్నాయట, కానీ చెన్నై నుంచి రావాలి, వారం పడుతుందట.

పోనీ వచ్చే వారం బిగిస్తానన్నాడు. శకుంతలమ్మ మొహం వాడిపోయింది.

"వాళ్ళు వచ్చేలోపల కావల్ల గోవిందస్వామీ. ఆ బిడ్డ ముందర ఇది జారిందంటే నేను మళ్ళా దానికి మొగం సూపించలేను."

కోడలి మీద మరీ ఇంత పంతమా అని అతనికి ఒళ్ళు మండింది. సామాను సర్దుకుని బయటికొచ్చి, గుమ్మం ముందు కొత్తగా పోయించిన సిమెంటు వాలు మీద సైకిలు దింపుతూ బ్రేకు పట్టాడు. పట్టినవాడు అక్కడే ఆగిపోయాడు. నొక్కుతున్నది ముందు పిడిని, పట్టుకుంటున్నది వెనక చక్రాన్ని. వదిలి మళ్ళీ నొక్కాడు. ఆ తర్వాత సైకిలు గోడకు ఆనించి, బ్రేకు మొత్తం ఊడదీసుకుని వంటింట్లోకి నడిచాడు.

సొరుగు వెనక రెండు పక్కలా స్ప్రింగు గడియలు బిగించి, వాటికి సరిగ్గా గట్టు కింది చట్రంలో బెజ్జాలు వేశాడు. బ్రేకు వైరును సొరుగు అడుగు నుంచి ముందుకు తెచ్చి పిడి తగిలించాడు. సొరుగు పూర్తిగా లాగితే గడియలు టక్కున బెజ్జాల్లో పడుతున్నాయి. పిడి నొక్కితే వదిలేస్తున్నాయి.

శకుంతలమ్మ కుర్చీలో కూర్చుని, వేడి సంగటి గిన్నె పలక మీద పెట్టుకుని, తెడ్డుతో బలంకొద్దీ కెలికింది. సొరుగు ఉలకలేదు, పలకలేదు. పిడి నొక్కి లోపలికి తోసింది, మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది. ఎంతసేపటికీ ఆమెకు తనివి తీరలేదు. చివరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇంత చిన్న పనికి ఏడుపెందుకో గోవిందస్వామికి అంతుపట్టలేదు.

ఆదివారం గడియలకు నూనె వేస్తానన్న వంకతో మళ్ళీ వచ్చాడు. అసలు సంగతి, ఆ కోడల్ని చూడాలని అతనికి మహా కుతూహలంగా ఉంది. శకుంతలమ్మ హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. పళ్ళెంలో కర్పూరాన్ని మాటిమాటికీ సర్దుతోంది. అతను దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ సంగతి కోడలికి తెలియనే తెలియదు, దిగులు పడొద్దని గుసగుసగా చెప్పాడు.

"నా మోకాళ్ళకేమైందప్పా?" అంది శకుంతలమ్మ, వీధి వైపు నుంచి చూపు తిప్పకుండానే.

కారొచ్చి వాకిట్లో ఆగింది. చక్రధర్ దిగి, వెనక తలుపు తెరిచి, రేవతి చక్రాల కుర్చీని కిందికి దించాడు.