తళతళలాడే నాణేలు

ఆమె పాత టూత్‌బ్రష్ మీద పేస్టు వేసి, వెండి నాణేన్ని గరగరా తోముతోంది. మంచం మీంచి భర్త చూస్తున్నాడు. పక్షవాతం వచ్చాక అతనికి మిగిలినవి ఆ కళ్ళే.

"ఎందుకొదినా నీకింత శ్రమ?" అంది అన్నను చూడ్డానికి వచ్చిన ఆడపడుచు.

"మీ అన్నయ్య ఏళ్ళ తరబడి పెట్టెనిండా పోగేసుకున్న పాతకాలం నాణేలు, ప్రాణమంతా వీటి మీదే కదమ్మా. చూడు, ఎంత నల్లబడిపోయాయో."

"అన్నయ్య కళ్ళల్లో నీళ్ళొదినా. ఎంత సంతోషమో పాపం."

"అవునమ్మా. ప్రయాణం చేసొచ్చావు, వెళ్ళి కాస్త నడుం వాల్చు."

ఆడపడుచు వెళ్ళాక ఆమె తలుపు దగ్గరగా వేసింది. టేబుల్ లైటు మంచం పక్కకు జరిపి, తోమిన నాణేన్ని అతని ముఖం ముందు పట్టుకుంది. అతను నేర్పినట్టే, అంచులు మాత్రమే తాకుతూ.

"కాపురానికొచ్చిన కొత్తలో ఒకదాన్ని కొంగుతో తుడిచానని చెంప పగలగొట్టారు. తర్వాత కూర్చోబెట్టి పాఠం చెప్పారు, గుర్తుందా? 'ఆ నలుపు మురికి కాదే మొద్దుమొహమా, నాణేనికి అది చర్మం. ముట్టుకోని నాణేన్ని లైటు కింద వంచితే మెరుపు గుండ్రంగా తిరుగుతుంది. తోమావంటే సన్నటి గీతలే మిగుల్తాయి. ఇక అది చచ్చినట్టే' అన్నారు."

నాణేన్ని నెమ్మదిగా వంచి చూపించింది.

"మెరుపు తిరగట్లేదండీ. అన్నీ గీతలే."

అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆమె బ్రష్ మీద మళ్ళీ పేస్టు వేసింది.

"కళ్ళు తెరవండి. ఇంకా సగం పెట్టె ఉంది. అసలే మొద్దుదాన్ని, మీరు చూడకపోతే ఎక్కడైనా తప్పు చేస్తానేమో."