పడుకో అమ్మా

"మాత్ర వేసుకున్నారా?"

బీపీ మిషన్ పట్టీ చేతికి చుడుతూ అడిగింది సిస్టరు.

"లేదమ్మా," అంది వరలక్ష్మమ్మ.

"నిన్న?"

"నిన్నా లేదు."

"అయిపోయాయా?"

"డబ్బా నిండా ఉన్నాయి. వేసుకుంటే మత్తుగా పడుకుండిపోతానేమోనని భయం. రాత్రి మా వాడికి ఏదైనా అయి ఫోన్ వస్తే నేను లేవొద్దూ?"

సిస్టరు నవ్వలేదు. ఆమె పేరు వెంకటదుర్గ. భీమవరంలోని ఆ ఆస్పత్రికి కొత్తగా వచ్చింది. బీపీ ఉన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టి మందుల సంగతి విడమరిచి చెప్పడం ఆమె పని.

"ఇది నిద్రమాత్ర కాదండీ, బీపీ మాత్ర. పొద్దున్నే టిఫిన్ తిని, రోజూ ఒకే వేళకి వేసుకోండి. బాగుంది కదా అని మానెయ్యకూడదు. బాగోలేదని రెండు మింగకూడదు. అది సరే, రాత్రిళ్ళు ఎప్పుడు పడుకుంటారు?"

"మా కార్తీక్ ఇంటికొచ్చాక."

"ఎప్పుడొస్తారు?"

"తెల్లారాక."

రొయ్యల చెరువు కాపలా మరి. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటరు వెయ్యాలి. తడి గట్టు, కరెంటు వైర్లు, పాములు, చీకట్లో మోటార్ సైకిలు. ఒక్క భయం చెప్పబోతే వరలక్ష్మమ్మ నోట పది భయాలు వచ్చాయి.

"అంబులెన్సు కూత వినబడితే చాలు, మా వాడికే అనిపిస్తుందమ్మా."

"మీరే ఓసారి ఫోన్ చెయ్యొచ్చుగా?"

"అమ్మో! ఫోన్ ఎత్తబోయి గట్టు మీద జారిపడితే?"

వెంకటదుర్గ పట్టీ విప్పింది.

"మాత్ర ఒక్కటే చాలదండీ మీకు. నిద్ర కూడా మందే. బాబుగారి నంబరు చెప్పండి. ఇంట్లోవాళ్ళది ఒకటి మా దగ్గర ఉండాలి."

వరలక్ష్మమ్మ చెప్పింది.

ఆ రాత్రే కార్తీక్ ఫోన్ చేశాడు.

"చెరువు దగ్గరికొచ్చేశానమ్మా. అన్నీ తిరుగుతున్నాయి. పడుకో అమ్మా."

వరలక్ష్మమ్మ లేచి కూర్చుంది. ఎన్నడూ లేంది ఎందుకు చేశాడు? ఏదో దాస్తున్నాడా?

"చెయ్యకపోతే ఏడుపు, చేస్తే అనుమానం! ఆ రొయ్యలు నయం నీకంటే," అని భర్త జగపతిరాజు అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడూ చేశాడు. ఆ మర్నాడూ. మెల్లగా ఆమెకి నిద్ర పట్టడం మొదలైంది. పొద్దున్నే మాత్ర, రాత్రి కొడుకు ఫోను. నెల తిరిగేసరికి బీపీ దిగింది.

"చూశారా!" అంది వెంకటదుర్గ.

"అంతా మా వాడి చలవమ్మా. ఇన్నాళ్ళకి అమ్మ మీద ధ్యాస కలిగింది."

"అవునండి," అంది వెంకటదుర్గ.

రొయ్యల పంట పట్టేశాక చెరువు ఖాళీ. కార్తీక్ రాత్రిళ్ళు ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటుంటే వాడి ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. తెర మీద పేరు కనబడింది: వెంకటదుర్గ సిస్టర్.

"ఎందుకురా ఆవిడ చేస్తోంది?"

"ఏం లేదులేమ్మా."

రెండో రోజూ సరిగ్గా అదే వేళకి అలాగే మోగి ఆగింది. కార్తీక్ చూసి చిన్నగా నవ్వుకున్నాడు.

ఆ నవ్వు వరలక్ష్మమ్మని కాల్చేసింది. నంబరు తీసుకున్నది ఇందుకా! ఎంత తేనె పూసినట్టు మాట్లాడింది! రేపు చెప్పాపెట్టకుండా దండలు వేసుకుని గుమ్మంలో నిలబడితే?

"ఒక్క మోతకే పెళ్ళి చేసేశావా? భోజనాలు కూడా పెట్టెయ్," అన్నాడు జగపతిరాజు.

"మీకేం తెలుసు, మీరూరుకోండి!"

పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళి పెద్ద సిస్టరు ముందు కూర్చుంది.

"పెళ్ళికాని కుర్రాళ్ళ నంబర్లు తీసుకుని ఫోన్లు చేస్తోందండీ మీ అమ్మాయి. ఇదేం పద్ధతండీ?"

వెంకటదుర్గని పిలిచారు.

"చేశావా?"

"చేశానండి."

"ఎందుకు?"

వెంకటదుర్గ వరలక్ష్మమ్మ మొహంలోకి చూసింది.

"ఇంక చెయ్యనండి," అంది.

కొన్నాళ్ళకి ఆమె ఉద్యోగం మాని కొవ్వూరు వెళ్ళిపోయిందని తెలిసింది. పీడ విరగడైందనుకుంది వరలక్ష్మమ్మ.

చెరువులో మళ్ళీ రొయ్యపిల్లల సీడ్ వేశారు. కార్తీక్ మళ్ళీ రాత్రిళ్ళు వెళ్తున్నాడు. ఫోను మాత్రం రావడం లేదు. వరలక్ష్మమ్మ మళ్ళీ వీధి తలుపు పట్టుకుని నిలబడుతోంది. మాత్ర వేళకే వేసుకుంటున్నా బీపీ ఎక్కి కూర్చుంది.

"ఇంకో మాత్ర రాశారండి. నెక్స్ట్!" అంది కొత్త సిస్టరు.

ఇక ఉండబట్టలేకపోయింది. పొద్దున్నే చెరువు నుంచి వచ్చి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న కొడుకు మీదికి వెళ్ళింది.

"ఆ పిల్ల వెళ్ళిపోయిందని నా మీద కోపమట్రా? అందుకేనా నాకు ఫోన్ చెయ్యడం మానేశావు?"

"ఏ పిల్లమ్మా?"

"వెంకటదుర్గ! ఆ ఫోన్ల సంగతి పెద్ద సిస్టరుతో నేనే చెప్పాను. ఏం, తప్పా?"

కార్తీక్ పంపు కట్టేశాడు.

"అవి మిస్డ్ కాల్స్ అమ్మా. మాట్లాడింది మొదటిరోజు ఒక్కసారే. నీతో చెప్పొద్దంది. తెలిస్తే నీకు నిద్ర పట్టదంది."

"ఏం తెలిస్తే?"

వాడు తల ఎత్తలేదు.

"నీకు ఫోన్ చెయ్యమని గుర్తు చెయ్యడానికే ఆవిడ రోజూ మిస్డ్ కాల్ ఇచ్చేదమ్మా... నా అంతట నాకు ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు."