సత్తియ్య నాలుక

చిటికెడు బెల్లం నోట్లో వేసుకుని సత్తియ్య కళ్లు మూసుకున్నాడు.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఆ క్షణాన కిక్కురుమనే ధైర్యం ఎవరికీ లేదు. సరుకు తెచ్చిన రైతు ఊపిరి బిగబట్టాడు. వాల్తేరు నుంచి పొద్దున్నే పాసింజరులో వచ్చిన ఎనిమిదిమంది బి.కాం. విద్యార్థులూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

అంతకుముందు సత్తియ్య తీరిగ్గా బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎద్దుల గంగడోళ్లు నిమిరి, గిట్టలకి అంటిన తెల్లటి మట్టి దులిపాడు. వాటి ముందు పడేసిన వాడిపోయిన చెరకు మొవ్వని కాలితో జరిపాడు. బండికి ఆ చివర తండ్రి, ఈ చివర కొడుకు కూర్చుంటే ఇద్దరినీ విడివిడిగా పలకరించాడు. ముసలాళ్లకి కబుర్లెక్కువ కదా!

ఇప్పుడు కళ్లు తెరిచాడు.

"రాంబిల్లి పక్క సవుడు నేల. కొట్టిన సెరుకుని రెండ్రోజులు ఎండలో వదిలేసేరు. పాకం దించే ఏళకి తండ్రీకొడుకులు తగువాడుకున్నారు. మూడో రకం."

రైతు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేశాడు. "బాబోయ్! తగువు సంగతి కూడా బెల్లం సెప్పేసిందేటి మామా?"

ముప్ఫై ఏళ్లుగా ఆ మార్కెట్లో ఏ బెల్లం దిమ్మ ఏ రకమో తేల్చేది ఆ నాలుకే. దాని మీద అప్పీలు లేదు.

స్వరాజ్యం వచ్చాక రెండో మాఘం అది. కామర్స్ లెక్చరర్ త్రినాధరావు ఆ ఏడు కొత్తరకం పరీక్ష పెట్టారు. కాగితం లేదు, కలం లేదు. సరుకు నాణ్యం అనే పాఠానికి యాభై మార్కులూ ఈ మార్కెట్లోనే. వేసేది సంతకం రాని సత్తియ్య! "గట్టు మీద కూర్చుంటే ఈత రాదండీ" అని వాదించి వాదించి ఆయన పైవాళ్లను ఒప్పించారు.

"ఒక్కొక్కరికీ ఒక్కో బండి," అన్నారు త్రినాధరావు. "ఏ నేల బెల్లం, వంటలో లోపమేమిటి, ఎన్నో రకం? రుచి చూసి చెప్పాలి."

ఆ ఎనిమిదిమందిలో ఒకడైన తాతబ్బాయి గుండెల్లో రాయి పడింది. దీపావళికి వచ్చిన టైఫాయిడ్ పోతూ పోతూ అతని నోటి రుచిని పట్టుకుపోయింది. అన్నమైనా ఒకటే, మట్టయినా ఒకటే. ఎవరికీ చెప్పుకోలేదు. ఈ పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్పు పోతుంది. అది పోతే చదువు మానేసి సొంతూరు సబ్బవరం వెళ్లిపోవడమే.

ఇంతలో మజ్జిగ అమ్మే మరిడమ్మ అందరికీ ముంతలు అందించింది. ఒక్క గుక్క తాగి కుర్రాళ్లంతా మొహాలు చిట్లించారు. వాళ్లను చూసి తాతబ్బాయి కూడా చిట్లించాడు, కాస్త ఆలస్యంగా. సత్తియ్య చూపు అతని మీద ఒక్క క్షణం ఆగింది.

"అయ్యో, నా మతి మండ! ఉప్పు రెండుసార్లు ఏసేసేనేటో!" అంది మరిడమ్మ.

సత్తియ్య మాత్రం ముంత ఖాళీ చేసి చాపాడు. "బానే ఉందే. ఇంకాస్త పొయ్యి."

పెద్దమనిషంటే అలా ఉండాలి! ఆవిడ నొచ్చుకోకూడదని ఆ ఉప్పునీళ్లు రెండోసారీ తాగాడు.

పరీక్ష మొదలైంది. మొదటివాడు ఎంతో సేపు చప్పరించి, "తియ్యగా ఉంది సార్," అన్నాడు. మార్కెట్టంతా గొల్లుమంది. సత్తియ్య పలక మీద బొగ్గుతో ఒక్క గీత గీశాడు. గీతకి పది మార్కులు.

తాతబ్బాయి వంతు వచ్చింది. బెల్లం నోట్లో వేసుకున్నాడు. ఏమీ లేదు. కళ్లు మూసుకున్నాడు. అప్పుడూ ఏమీ లేదు. ఇక దిక్కుతోచక కళ్లు తెరిచి, బండి వంకా రైతు వంకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"మాడుగుల వైపు ఎర్రనేల. రసం తేరడానికి వేసే సున్నం ఎక్కువ పడింది. పాకం పొంగి కొంత ఒలికిపోయింది. రెండో రకం."

"ఓలమ్మో!" రైతు నోరు నొక్కుకున్నాడు. "కల్లారా సూసినట్టు సెప్పేడు!"

"శెభాష్!" త్రినాధరావు అతని భుజం చరిచారు. "నాలుకంటే ఇదీ!"

ఆ మెచ్చుకోలు తాతబ్బాయికి ముల్లులా గుచ్చుకుంది. తల వంచుకున్నాడు.

"నాది దొంగ పరీక్ష సార్. జ్వరమొచ్చాక నాకు రుచే తెలీదు. చక్రాలకి ఎర్రమట్టి చూశాను. ఆయన గోళ్లలో సున్నం చూశాను. చేతి మీద బొబ్బ చూశాను. బెల్లం నాకేం చెప్పలేదు సార్."

త్రినాధరావు మొహం వాడిపోయింది. ఆయనకి ఇష్టమైన శిష్యుడు మరి. అయినా సత్తియ్య వైపు తిరిగారు.

"రుచి తెలీనివాడు సరుకు నాణ్యం ఏం తేలుస్తాడు? సున్నా వెయ్యి సత్తియ్యా."

సత్తియ్య పలక తీసుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు గీతలు గీశాడు.

"యాభైకి యాభయ్యా! ఇదేం న్యాయం?"

"మార్కులేసీది నేనన్నారు కదా మేస్టారూ. ఏసేసేను."

పలక లెక్చరర్ చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటున్న తాతబ్బాయిని బండి చాటుకి తీసుకుపోయాడు. అతని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"ఎవలికీ సెప్పకు బాబూ. నా నాలిక సచ్చి పన్నెండేళ్లయింది."