నక్కగారు మంచివారే

కక్షిదారులు తన దగ్గర దాచుకున్న తిండంతా మింగేసి నక్క వకీలు ఉడాయించింది. అడవిలోని మిగతా వకీళ్లు సిగ్గుపడి, నష్టపోయినవాళ్ల కోసం ఉమ్మడి గాదె పెట్టారు. ఎవరికివ్వాలో తేల్చే పని తాబేలు వకీలు మీద పడింది.

ముంగిస వచ్చి చిందులు తొక్కింది. "వాడు దొంగని నాకు మొదట్నుంచీ తెలుసు. నా గుడ్లన్నీ మింగాడు."

"తెలిసీ ఎందుకిచ్చావు?" అంది తాబేలు.

ముంగిస వచ్చిన దారినే పోయింది.

తరవాత ఉడుత వచ్చింది. "నక్కగారు మంచివారేనండీ. నా వేరుశెనగలు ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారు."

నిజంగా మోసపోయినవాళ్లే ఇంకా 'గారు' అంటారని తాబేలుకు అనుభవం. గాదెలోంచి వేరుశెనగలు ఇప్పించింది.

ఉడుత దణ్ణం పెట్టింది. "నక్కగారు తిరిగొచ్చాక, వీటిని కూడా ఆయన దగ్గరే దాచుకోమంటారా?"

తాబేలు తల డిప్పలోకి లాగేసుకుంది.